తీగ మీది తెల్లచీర

ఎనభైల్లో బెల్లంపల్లిలోని ఒక చిన్న ఆస్పత్రిలో టెంపరరీ నర్సుగా చేశాను. నాకు పని ఇచ్చింది ఆస్పత్రి కాదు, కరీంనగర్ నుంచి మమ్మల్ని పంపే కాంట్రాక్టరు. మూడు నెలలు నిండితే పర్మనెంటు చెయ్యమని ఎక్కడ అడుగుతామో అని ఆయన భయం. అందుకే ఒకరోజు ముందే పనిలోంచి తీసి మూడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్తగా చేర్చుకునేవాడు. దానికి ‘బ్రేక్’ అని పేరు. ఆ మూడు రోజులూ ఆస్పత్రి గేటు తొక్కొద్దు. నాకన్నా ముందు చేసినామె బ్రేక్‌లో ఎవరినో చూడటానికి వార్డులోకి వచ్చిందని, ఇంక ఆమెను పిలవనే లేదు.

డాక్టర్లతోనే వాదులాడేదాన్ని నేను. ఆ కాంట్రాక్టరు ముందు మాత్రం పిల్లినయ్యేదాన్ని. ఊళ్లో మా బాపు మంచం పట్టాక ఇల్లు నా ఉద్యోగం మీదే గడిచేది మరి.

బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన భార్య, ఇరవై నిండని పిల్ల, నెలనెలా చూపించుకోవడానికి వచ్చేది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. భయంతో చెయ్యి వదిలేది కాదు.

“నొప్పులప్పుడు నువ్వే నా పక్కనుండాలె అక్కా.”

“ఉంట తియ్యే, యాడికి పోత?” అని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

నొప్పులు నా బ్రేక్ రెండో రోజున వచ్చాయి.

డ్యూటీ తెల్లచీర ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేస్తున్నాను. సందు మొదట్లో ఆ పిల్ల తల్లి గబగబా వస్తూ కనిపించింది. ఎందుకో అడగాల్సిన పని లేదు. “నేను ఊరికి పోయిన్నని చెప్పుర్రి పెద్దమ్మా” అని ఇంటి ఓనరమ్మను బతిమాలి, లోపల గడియ పెట్టుకున్నాను.

“సిస్టరమ్మ ఊరికి పోయింది.”

“ఎప్పుడు పోయింది?”

“పొద్దుగాలనే.”

తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. తీగ మీది చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చీర అంచు పట్టుకుని చూసింది. నా తలుపు వైపు చూసింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. చీర తీసి, పిండి, మడిచి ఓనరమ్మ చేతికిచ్చింది.

“వానొస్తున్నది. సిస్టరమ్మ వచ్చినంక ఇయ్యి.”

నాలుగు తిట్లు తిట్టిపోయినా బాగుండేది. ఆస్పత్రి ఐదు నిమిషాల నడక. పోలేదు. వంట చేసుకుని తిన్నాను కూడా. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బ్రేక్ అయ్యాక డ్యూటీకి పోతే, ఆ పిల్ల మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నన్ను చూడగానే ఆ పిల్ల మొహం విప్పారింది.

“ఊరికి పోయినవట గద అక్కా! నొప్పులల్ల నిన్నే యాది చేసిన. ఇంటికాడ అందరు మంచిగున్నరా?”

పక్కన ఆమె తల్లి బిడ్డ గుడ్డలు మడత పెడుతోంది. తలెత్తకుండానే నా బదులు ఆమే జవాబిచ్చింది.

“మంచిగనే ఉన్నరట బిడ్డా.”