చెవి కోసిన మేక

పాంగి సోములమ్మతో వాదించి గెలిచినవాళ్లు బొర్రా పైన కొండల్లో ఎవరూ లేరు. మొగుడు గాసి పెళ్లయిన కొత్తలో కాస్త ప్రయత్నించి, తర్వాత బుద్ధి తెచ్చుకుని చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. సంతలో షావుకారు పసుపు తూకంలో చేతివాటం చూపిస్తే, మళ్లీ తూచేదాకా అక్కణ్ణించి కదిలేది కాదు. అలాంటి మనిషి బాప్తిస్మం తీసుకుంటే ఊరికే తీసుకుంటుందా? పట్టిన పట్టు విడవలేదు.

తొంభైల మొదట్లో పాస్టరు అహరోను వాళ్ల ఊరికి వచ్చేవాడు. మంచివాడే, కాళ్లకు పట్టిన జలగల్ని పీక్కుంటూ కొండెక్కేవాడు. వానాకాలం దారిలో గెడ్డవాగు పొంగితే మాత్రం రాలేకపోయేవాడు. పంటలో, మందలో పదో భాగం ప్రభువుదని చెప్పాడు. "అది మీది కాదు, ముట్టుకోకండి," అన్నాడు. అక్కడితో ఆపాడు.

సోములమ్మకి ఇందులో కొత్తేమీ కనిపించలేదు. వాళ్ల అమ్మ కాలం నుంచీ కొండదేవతకి మొక్కిన మేకకి చెవి కొస కోసి వదిలేవాళ్లు. ఆ మేకని అమ్మినా, కోసుకుని తిన్నా, దేవత ఆ ఇంట్లో ఒక మనిషిని పట్టుకుపోతుందని నమ్మకం. సోములమ్మ దేవతను వదిలేసింది గానీ, ఆ భయాన్ని తనతోపాటే ప్రార్థన మందిరంలోకి తెచ్చుకుంది. చోళ్లలోనూ కాఫీ గింజల్లోనూ పదో వంతు తీసి వేరే బుట్టలో పోసేది. మందలో పదోదిగా పుట్టిన మేకపిల్లకి చెవి కొస కోసేది. చెవి ఎందుకు కోసేదో అహరోను ఎన్నడూ అడగలేదు. వానలు వెలిశాక వచ్చి, ఇచ్చింది తీసుకుని, దీవించి వెళ్లేవాడు. సోములమ్మ విశ్వాసం గురించి కింద సభల్లో గొప్పగా చెప్పేవాడు కూడా.

తొంభైతొమ్మిదిలో, వానాకాలం, కొండల నిండా జ్వరాలే. సోములమ్మ కూతురు రత్న ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చి, వణుకుతో మంచం పట్టింది. ఊళ్లు తిరిగే నర్సు మాత్రలిచ్చి, తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. మర్నాటికి పిల్ల తల్లిని గుర్తుపట్టడం మానేసింది. కొండ కింద రోడ్డు మీద జీపు ఉంది గానీ, డబ్బు చేతిలో పడకుండా జీపువాడు కదలనన్నాడు. ఇంట్లో డబ్బు లేదు. కాఫీ ఇంకా చెట్ల మీద పచ్చిగానే ఉంది. అంతకు ముందు ఎండల్లో తెగులొచ్చి మందంతా పోయింది, చెవి కోసిన మేకపోతు ఒక్కటే మిగిలింది.

"మేకని ఇచ్చేద్దుం. డబ్బులకి బదులు జీపోడు తీసుకుంతానన్నాడు," అన్నాడు గాసి.

"అది పెబువు మేక."

"గుంట సచ్చిపోతాదే!"

"దాన్ని అమ్మితేనే సచ్చిపోతాది. సెవి కోసీసినాం, నీకు తెల్దా?"

గాసి తాడు విప్పబోతే ఆవిడ అడ్డంగా నిలబడింది. పిల్ల మీద ప్రేమ లేక కాదు, పిల్లని కాపాడుకోవడానికే అలా నిలబడింది. గాసికీ లోపల ఆ భయమే ఉంది, లేకపోతే ఆ రోజు పెళ్లాం మాట వినేవాడు కాదు. తాడు వదిలేశాడు.

ఊళ్లో మగవాళ్లు కర్రకి దుప్పటి కట్టి, పిల్లని డోలీలో మోసుకుంటూ వానలో దిగారు. జీపువాణ్ణి మళ్లీ బతిమాలారు, వాడు మొహం తిప్పుకున్నాడు. రోడ్డు వెంట నడక మొదలుపెట్టారు. "నీ మేకని ముట్టనేదు పెబువా, నా గుంటని ముట్టకు," అనుకుంటూ సోములమ్మ వెనకే పరుగెత్తింది. రైలు కట్ట దగ్గరికి వచ్చేసరికి డోలీలో కదలిక ఆగిపోయింది. ఆస్పత్రి ఇంకా చాలా దూరం ఉంది.

వానలు వెలిశాక అహరోను వచ్చాడు. గాసి జరిగిందంతా చెప్పాడు. సోములమ్మ మేక తాడు తెచ్చి పాస్టరు చేతిలో పెట్టింది. వానాకాలం గడ్డి తిని అది బాగా బలిసింది.

అహరోను నేల మీద కూలబడ్డాడు. "అమ్మా, అమ్మేయాల్సింది. ప్రభువు ఏమీ అనేవాడు కాదు. బిడ్డ కంటే ఆయనకి మేక ఎక్కువా?"

"ఈ మాట ముందెందుకు సెప్పనేదు అయ్యగోరూ?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. ఆయన తాడు వెనక్కి ఇవ్వబోయాడు. మేక వద్దని చేతులు జోడించాడు.

"నాది కాన్దాన్ని నా గుమ్మంలో ఉంచకండి. తోలుకెల్లిపోండి."

ఊరంతా చూస్తుండగా, అహరోను ఏడుస్తూ ఆ మేకని తోలుకుని కొండ దిగాడు.

ఆ తర్వాత ఏ కొండ ఊళ్లో దశమభాగం మాట ఎత్తినా, ముందు ఒక మాట చెప్పేవాడు. "ఇంట్లో జబ్బు చేస్తే ఆ భాగమే తీసి వాడండి. దేవుడు కోప్పడడు." ఆ మాట వల్ల ఒకరిద్దరు పిల్లలు బతికారని కూడా చెప్పుకునేవారు. సోములమ్మ ఏ ఏడూ తన భాగం ఎగ్గొట్టలేదు, ఆదివారం మానలేదు. కానీ పాస్టరు నోట ఆ మాట మొదలవగానే లేచి బయటికి వెళ్లిపోయేది.

ఒకసారి పక్కింటి ముత్యాలమ్మ వెనకే వచ్చింది. "అయ్యగోరు మంచి మాటే సెప్తన్నాడు కదే. లెగిసి వచ్చేస్తావేటి?"

"మంచి మాటే," అంది సోములమ్మ. "అది ఇన్నప్పుడల్లా, నా గుంటని నానే సంపేసినానని తెలిసిపోతంది."