దుర్గికి వెళ్ళిన పెద్ద జీపు

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా మామగారు గురజాల దాటలేదు. కర్ర పట్టుకుని వసారా దాకా నడిచేవారు గానీ బస్సు ఎక్కడం ఆయన వల్ల కాలేదు. ఒకసారి మా ఆయన, కండక్టరు కలిసి ఎత్తి ఎక్కించబోతే, అందరూ చూస్తున్నారని సిగ్గుపడి వెనక్కి వచ్చేశారు. మళ్ళీ ప్రయాణం మాట ఎత్తలేదు.

అప్పుడే విజయపురి సౌత్‌లో ఒక కాంట్రాక్టరు తన పాత విదేశీ జీపు అమ్ముతున్నాడని మా ఆయనకు తెలిసింది. మామూలు జీపు కాదది. వెడల్పాటి తలుపులు, మెత్తటి తోలు సీట్లు, వెనక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు. మాచర్ల నుంచి వెంటబెట్టుకెళ్ళిన మెకానిక్ భాయ్ బానెట్ ఎత్తి చూసి, బండి దర్జాగానే ఉంది గానీ పెట్రోలు బాగా తాగుతుందని, ఏ సామాను పోయినా మద్రాసు నుంచి రావాల్సిందేనని చెప్పాడు. మా ఆయన విన్నాడు. మనసు మాత్రం ఆ వెడల్పాటి తలుపు మీదే ఉంది. ఒకట్రెండు రోజులు నడిపి చూస్తానని కాంట్రాక్టరును అడిగి ఇంటికి తెచ్చాడు. రోజూ ట్రాక్టరు తోలే మా ఆయన దాన్ని మా సందులో అంత నెమ్మదిగా తిప్పుతుంటే నాకు ముచ్చటేసింది.

"యాడికి పోదాం నానా?" అని అడిగాడు.

మామగారు మాట కూడదీసుకుని "దుర్గి" అన్నారు.

దుర్గిలో ఆయన చెల్లెలు ఉంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. తుంటి విరిగి మంచాన పడితే ఇరుగుపొరుగు వాళ్ళే అన్నం పెడుతున్నారు. మా ఆయన అప్పుడప్పుడూ వెళ్ళి చూసొచ్చేవాడు. మా ఇంటికి రమ్మంటే, బస్సులో ఎట్టా వస్తానని నవ్వేసేదట. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని చాలా కాలమైంది.

ముగ్గురం బయల్దేరాం. ఆమె ఇంటి ముందు జీపు ఆగింది. అంతసేపు కూర్చుని మామగారి కాలు కొయ్యబారింది, దిగలేకపోయారు. అది చూసి పక్కింటివాళ్ళు ఆమెను మంచంతో సహా మోసుకొచ్చి, తెరిచిన తలుపు పక్కనే దించారు. మామగారు సీట్లోంచి వంగి, ఆడే చేత్తో ఆమె తల నిమిరారు.

"చానా చిక్కావే" అన్నారు.

"నువ్వు మాత్రం?" అంది.

చుట్టూ చేరినవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు.

బయల్దేరుతుంటే మామగారు తలుపు వెయ్యనివ్వలేదు. వెనక ఉన్న చోటు వైపు, తరవాత నా వైపు చూశారు. అడగడానికి మొహమాటపడుతున్నారని తెలిసింది. ఇంట్లో చేసేదాన్ని నేనొక్కదాన్నే. భయం వెయ్యలేదని చెప్పను.

"పిన్నమ్మా, మనింటికి పోదాం" అన్నాను.

"ఇద్దరం మంచాన ఉంటే నీ గతేంది అమ్మాయ్?"

"మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉంటే నాకు సగం పని తగ్గుద్ది."

పరుపుతో సహా ఆమెను వెనక పడుకోబెట్టాం. రెంటచింతల దాటాక ఇంజను కాగి ఆగిపోయింది. మా ఆయన కాలవ నీళ్ళు తెచ్చి పోస్తున్నంతసేపూ లోపల వాళ్ళ చిన్ననాటి కబుర్లు సాగుతూనే ఉన్నాయి. మామగారి ముద్దముద్ద మాటలు మాకే సగం తెలిసేవి కావు. ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి.

మర్నాడు బండి కొందామా వద్దా అని మా ఆయన తండ్రిని అడిగాడు. ఆయన పక్క మంచం మీద నిద్రపోతున్న చెల్లెల్ని చూపించి, "ఇంక నేను యాడికి పోవాలిరా?" అన్నారు.

జీపు తిరిగి ఇవ్వడానికి వెళ్తూ మా ఆయన నన్నూ రమ్మన్నాడు. డ్యాము కనిపించే చోట కాసేపు ఆపాడు. కొంటే నిన్నూ నాలుగూళ్ళు తిప్పేవాణ్ణి అన్నాడు. ఆ బండి గురించి ఆలోచించినప్పుడల్లా నన్ను కూడా అందులో కూర్చోబెట్టి చూసుకున్నాడని అప్పుడే తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్క సీటే దొరికింది. నన్ను కూర్చోబెట్టి, ఇల్లు చేరేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

మామగారు పోయాక కూడా పిన్నమ్మ మా ఇంట్లోనే ఉంది. నా పిల్లలిద్దరూ ఆమె మంచం కోడు పట్టుకునే నిలబడటం నేర్చుకున్నారు.