వెనక మెట్ల బేరం

"నువ్వు ఆటోలోనే కూర్చో, నేను మాట్లాడి వస్తా" అని ఆ అమ్మాయితో మూడు ఇళ్ళ ముందు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆమె "సరే అక్కా" అంది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియదనుకున్నాను. దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని, ఎదుటి మనిషి మౌనాన్ని అంత తప్పుగా అంచనా వేశానంటే సిగ్గుగానే ఉంది.

మాది జనరల్ బజార్‌లో బట్టల దుకాణం. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో వెక్కిరించేవాళ్ళు. "దీన్ని స్వర్గానికి తీస్కపోతే వాకిట్లనే కొసరు అడుగుతది" అనేది అమ్మ. ఆ నోటి పుణ్యానే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సహాయ విభాగంలో ఉద్యోగం దొరికింది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, రెండు కుర్చీలు, నేను. యూరప్ నుంచి ఆర్నెల్లకని వచ్చేవాళ్ళకు క్యాంపస్‌లో గెస్ట్‌హౌస్ ఉంది, వాళ్ళకు నాతో పనిపడదు. నా దగ్గరికి వచ్చేది ఆఫ్రికా దేశాల పిల్లలే. బ్యాంకులో కాగితాలు మూడోసారి వెనక్కిచ్చారని వస్తారు. బస్సులో ఎవరో అడక్కుండా జడలు పట్టుకుని చూశారని వస్తారు. ఎక్కువగా మాత్రం ఇంటి కోసమే వస్తారు.

ఈ అమ్మాయిది టాంజానియా. మొక్కల జబ్బుల మీద పీహెచ్‌డీ. నాలుగేళ్ళు హాస్టల్లో ఉండి, మెస్సులో వడ్డించే ఆవిడ దగ్గర తెలుగు ముక్కలు నేర్చుకుంది. నాలుగేళ్ళు నిండితే గది ఖాళీ చేయాలన్నది హాస్టల్ నియమం. థీసిస్‌కు ఇంకా ఆరేడు నెలల పనుంది. వీసా పొడిగించాలంటే ఉంటున్న ఇంటి చిరునామా చూపించాలి, ఓనర్ సంతకం చేసి ఫారం ఇవ్వాలి. వీసాకు పన్నెండు రోజులే మిగిలాయి. ఈలోగా ఇల్లు దొరక్కపోతే నాలుగేళ్ళ చదువును ల్యాబ్‌లో కుండీల మధ్య వదిలేసి విమానం ఎక్కాల్సిందే.

మొదట్లో ఇద్దరం కలిసే వెళ్ళాం. కాప్రాలో ఓనర్ ఆమెను చూడగానే "అయ్యో, పొద్దుగాలనే ఇచ్చేసినం గదమ్మా" అన్నాడు. ఆయన తల వెనకే టులెట్ బోర్డు ఊగుతోంది. యాప్రాల్‌లో ఒకాయన ఇంకా మర్యాదస్తుడు. "నాకేం తక్లీఫ్ లేదు మేడం, కిందోళ్ళే పరేషాన్ అయితరు" అన్నాడు. కింద ఉండేది ఆయనే అని తర్వాత తెలిసింది.

అప్పుడు నాలోని దుకాణందారు లేచింది. మా నాన్న ఒక పని నేర్పాడు. గుడ్డ తానులో ఎక్కడైనా దారం తెగి ఉంటే ఆ చోటు లోపలికి పోయేలా మడవాలి. ముందు రంగు చూపించాలి, మెత్తదనం చేతికి తెలియనివ్వాలి, రేటు ఒప్పించాలి. కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి రాదు. ఆ అమ్మాయిలో ఏ దారమూ తెగి లేదు. అయినా మడిచాను.

ఆటోలో కూర్చోబెట్టిన మొదటి రెండు ఇళ్ళలో ఓనర్లు బాల్కనీలోంచి ఆటోలోకి తొంగి చూశారు, బేరం పోయింది. మూడోది సైనిక్‌పురిలో. మిలటరీలో పనిచేసి రిటైరైన ఆయన పేపరు చదువుకుంటున్నాడు. మాటలన్నీ ఆయన భార్యవే.

"ఎక్కడి పిల్ల?"

"బయటి దేశం ఆంటీ. పీహెచ్‌డీ. పొద్దున పోతే పొద్దుమూకినంకనే వస్తది."

"అమెరికానా?"

"అంత దూరం కాదాంటీ. ఇటు, సముద్రం దాటంగనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తనూ బేరాలు తెలిసిన మనిషే. "సక్కగ చెప్పు బిడ్డా. నల్లోళ్ళ పిల్లనేనా?"

"ఆఫ్రికా పిల్ల. దేవతలాంటి పిల్ల."

"దేవతైతే గుళ్ళె ఉంటది గని మా ఇంట్ల ఎందుకు?" అని తన మాటకు తనే నవ్వింది. పేపరు వెనక ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే బాగా నవ్వాను.

తర్వాత షరతులు వచ్చాయి. ముందు మెట్లు వాడొద్దు, వెనక ఇనుప మెట్ల మీంచే ఎక్కాలి. వాళ్ళ దేశం వాళ్ళెవరూ రావొద్దు. బట్టలు ముందు వైపు ఆరేయొద్దు. మా చుట్టాలు వచ్చిన రోజు డాబా మీదికి రావొద్దు. చేపలు వండొద్దు. మొత్తం ఐదు.

మాది జనరల్ బజార్ దుకాణమని చెప్పి పావుగంట ఆడాను ఆ బేరం. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాను, పిలిపించుకున్నాను, మళ్ళీ కూర్చున్నాను. "వర్సిటీ లెటర్ సుత ఇస్తా ఆంటీ, రేపేమన్నా అయితే నన్ను అడుగు" అన్నాను. చేపలు కొట్టేయించాను, బట్టలు కొట్టేయించాను, చుట్టాల సంగతీ వదిలేయించాను. ఐదింటిని రెండుకి దించి ఆ రెండింటికీ మాటిచ్చాను. ఆమె తరఫున, ఆమె గేటు బయట ఆటోలో ఉండగా.

బయటికి వచ్చి, "దొరికింది! సెపరేట్ ఎంట్రన్స్ కూడా ఉంది" అన్నాను. ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది, అంతటి వ్యాపారిని నేను.

వీసా వచ్చింది. ఆమె వెనక మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. నేను చెప్పిన వేరే దారంటే అదే అనుకుంది. ఎవరినీ పిలిచే తీరికా లేదు. నాలుగు నెలలకు థీసిస్ మొదటి ప్రతి పూర్తయింది. ఆ సాయంత్రం ఆమె దేశపు స్నేహితులిద్దరూ, ల్యాబ్‌లో తోటి తెలుగు పిల్లా కలిసి కేకు పట్టుకుని వెళ్ళారు. ఓనరమ్మ తెలుగు పిల్లను ముందు మెట్ల మీంచి పైకి పంపింది. మిగతా ఇద్దరినీ గేటు దగ్గరే ఆపేసింది. ఆమె కిందికి దిగి ఎందుకని అడిగితే, "మీ మేడమే ఒప్పుకున్నది. పోయి ఆమెనే అడుగు" అందట.

మర్నాడు నా గదికి వచ్చింది. నా ఎదుటి కుర్చీలో కూర్చోలేదు.

"మొదట ఎన్ని షరతులు చెప్పారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఐదు. మూడు తీయించాను."

"ఏవి తీయించారు?"

చెప్పాను. చేపల సంగతి విని నవ్వింది. "నేను చేపలు తినను. నన్ను అడిగి ఉంటే దాన్ని ఉండనిచ్చి, స్నేహితుల్ని రానివ్వమని అడగమనేదాన్ని."

కొనేవాళ్ళకు ఏం కావాలో అడక్కుండా బేరమాడే దుకాణందారు మా బజారులో ఒక్కరూ ఉండరు.

"ఆటోలో ఎందుకు కూర్చోబెట్టారో నాకు మొదటి ఇంటి దగ్గరే తెలుసు. మీరే చెప్తారని చూశాను. మూడు ఇళ్ళ దాకా చూశాను."

"చెప్తే నువ్వు ఒప్పుకునేదానివి కాదు. వీసా పోయేది."

"ఒప్పుకునేదాన్నేమో. కానీ ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఏం ఎక్కుతున్నానో నాకు తెలిసేది కదా, మేడమ్."

చివరి మాట తెలుగువాళ్ళు పలికినట్టే పలికింది. నాలుగేళ్ళుగా అక్కనే, ఆ రోజు నుంచి మేడమ్‌ను అయ్యాను. ఇల్లు మారలేదు, మారడానికి ఇల్లేది? మిగిలిన నెలలు అవే మెట్ల మీద గడిపి, థీసిస్ ఇచ్చి, వైవా అయ్యాక వెళ్ళిపోయింది. తాళం చెవి నా బల్ల మీద పెట్టి, "వాళ్ళకు ఇచ్చేయండి" అంది. నేను లేచి నిలబడ్డాను. అప్పటికే గడప దాటింది.

తాళం చెవి ఇవ్వడానికి సైనిక్‌పురి వెళ్ళిన రోజు ఆటోలో ఇంకో అమ్మాయి ఉంది. సూడాన్ నుంచి వచ్చింది. హాస్టల్లో చోటు లేదు, వచ్చిన పద్నాలుగు రోజుల్లో ఇంటి చిరునామా కాగితాలతో రిజిస్టర్ చేయించుకోవాలి.

ఓనరమ్మ నన్ను చూసి సంబరపడింది. "మస్తు మంచి పిల్లమ్మా. ఉన్నట్టే తెల్వలే! గిట్లాంటోళ్ళే ఉంటే ఇంకొకల్ని పంపు."

"పంపుతా ఆంటీ. గని ఈ పిల్ల ముందు మెట్ల మీంచే వస్తది. దోస్తులు సుత వస్తరు."

ఆవిడ నవ్వింది. "ఏందమ్మా, షావుకారి బిడ్డవు! ఒకసారి పలికిన రేటును మళ్ళ మారుస్తరా? ఆ పిల్లకు లేని తక్లీఫ్ ఈ పిల్లకెందుకు?"

బజారు న్యాయం ప్రకారం ఆవిడ మాటలో తప్పు లేదు. నాతో ఒకసారి పలికించుకున్న రేటు అది. ఆ ఇంటికే కాదు, ఇక ఆ గల్లీ మొత్తానికీ అదే రేటు. ఇంకో పావుగంట ఆడాను. పైసంత కదల్లేదు.

ఆటో దగ్గరికి వచ్చి ఆ అమ్మాయికి రెండు షరతులూ చెప్పాను. వెనక మెట్లు అన్నాను, సెపరేట్ ఎంట్రన్స్ అనలేదు. ఎవరి బేరం వల్ల అవి ఖాయమయ్యాయో కూడా చెప్పాను. ఆమె ఆటో దిగి, పూలకుండీలు పెట్టిన ముందు మెట్లను చూసింది. గోడ పక్క నుంచి తుప్పు పట్టి పైకి పోతున్న ఇనుప మెట్లను చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"కాగితాలకు నాకు ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయి?" అని అడిగింది.

"తొమ్మిది" అన్నాను.