మా ఇంటి గోడమీద ద్వారక

సూర్యాపేటకు కాపురానికి వెళ్లినప్పుడు నేను పెళ్లి చీరలకంటే భద్రంగా మోసుకెళ్లింది ఒక బొమ్మ. కాలేజీలో మాకు చిత్రలేఖనం నేర్పిన టీచరమ్మ నా పెళ్లికని రంగుల్లో వేసిచ్చింది. సిరా రంగు సముద్రం, ఒడ్డున విరిగిన స్తంభాలు, తలుపుల్లేని ఓ ద్వారం, దాని ముందు మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ ఒక స్త్రీ. ప్రతీకవాదుల పద్ధతట, చెప్పదలచుకున్నది చెప్పకుండా ఊరించడం. అది నాకు చేతకాని విద్య కాబట్టే కాబోలు, ఆ బొమ్మంటే ప్రాణం.

ముందరి గదిలో మేకు కొట్టి తగిలించాను. అత్తగారు వచ్చి చూశారు.

"ఎవలిల్లే ఇది, గిట్ల కూలింది?"

"ఎవరిదీ కాదత్తమ్మా. ఉత్త బొమ్మ."

"మొన్నటి లొల్లిల కూలిన ఇండ్లు బయట తక్కువున్నయా, ఇంట్లకు గూడ తెచ్చినవ్? ఆ ఆడామె మొకం సూపియ్యదేంది, అలిగిందా?"

నేను కళ గురించి మాట్లాడాను. చాలాసేపే మాట్లాడాను. ఆవిడ అంతా విని, "మంచిగ సెప్పినవ్ బిడ్డా. రేపు అటుక మీద పెట్టు" అన్నారు. మా ఆయన ఉర్దూ పత్రిక వెనక తల దాచుకున్నారు.

అటుకకు నిచ్చెన వేశామో లేదో, కోదాడ నుంచి మా ఆయన మేనత్త దిగారు. బందరు వెళ్లి సముద్రస్నానం చేసొచ్చిన మనిషి. ఇంట్లో సముద్రం చూసింది ఆవిడొక్కరే కనుక, ఉప్పు ధర దగ్గర్నుంచి వాన రాకడ దాకా ఆవిడ మాటకు తిరుగులేదు. బొమ్మను చూస్తూనే చెంపలేసుకున్నారు.

"వదినా! ఇది ద్వారక కాదూ? కృష్ణుడు పోయాక నీళ్లలో మునిగిందే, అదే! ఈవిడ రుక్మిణమ్మ. ఏడుస్తా ఉంది, అందుకే ఇటు తిరగట్లేదు."

సాయంత్రానికి స్తంభాలకు కుంకుమ బొట్లు వెలిశాయి. ఆ ద్వారానికి గడప ఉందని కనిపెట్టి పసుపు రాశారు. రుక్మిణమ్మ కొప్పుకు కనకాంబరం అంటించారు. నా కడుపు మండిపోయింది. కానీ అది ద్వారక కాదంటే బొమ్మ అటుకెక్కుతుంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకు మిర్యాలగూడ నుంచి మా ఆడబిడ్డ, ఆమె భర్త వచ్చారు. ఆయన వకీలు. అత్తగారు బొమ్మకు హారతి ఇస్తుంటే చూసి పకపకా నవ్వారు.

"ద్వారక ఏంది అత్తమ్మా? గివి విలాయతు స్తంభాలు. సదువుకున్నది గద, మా చెల్లెమ్మనే అడుగుండ్రి."

అత్తగారి చేతిలో పళ్లెం ఆగింది. అందరూ నావైపు తిరిగారు. గోడకు చేరేసిన నిచ్చెన నాకు కనిపిస్తూనే ఉంది.

"అన్నయ్యా, మీరు ద్వారక చూసిన్రా?" అన్నాను.

"నేనేడ సూస్త?"

"చూడని ఊరిని ఇది కాదని ఏ కచేరిల జడ్జి ముందర చెప్తరు?"

"అయితే ద్వారకే అనెటందుకు నీకాడ సబూత్, రుజువు ఏమున్నది?"

"మాకు గవా ఉన్నది, సాక్షి. కోదాడ అత్తమ్మ సముద్రం చూసింది. మీ దిక్కు ఎవరున్నరు?"

వకీలుగారు మీసం సవరించుకున్నారు. మా ఆయన పత్రిక దించి నన్ను కొత్తగా చూశారు.

"సదువంటే గిది!" అంటూ అత్తగారు పళ్లెం నా చేతిలో పెట్టారు. "ఇగ రోజూ హారతి నువ్వే ఇయ్యాలె బిడ్డా. మాకంటె నీకే ఎరుక."

బొమ్మ గోడ దిగలేదు. నేను మాత్రం కోడి కూయగానే లేచి, చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ ప్రతీకవాదానికి కర్పూరం వెలిగించడం మొదలుపెట్టాను.