మిరపకాయ ఉన్నచోట మెట్టు

మా సందులో సెలూన్ దల్సూ ఒకరు చెప్పింది నమ్మి ఎరగడు. అబద్ధమనీ అనడు, నిజమనీ అనడు. "ఏమో, నాకింకా అనుభవం కాలేదు" అంటాడు. అని ఊరుకుంటే బాగానే ఉండును. ఆ అనుభవమేదో అయ్యేదాకా కుదురుగా కూర్చోడు.

కొరియా దక్షిణ తీరాన మోక్పో రేవు మీది గుట్టకి ఎగబాకే సందు మాది. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి గానీ, అప్పట్లో ఒకరింటి చారు వాసన ఇంకొకరింటి దుప్పట్లోకి చేరేది. దల్సూ సెలూన్ మా ఇంటికి సరిగ్గా ఎదురు. అందువల్ల అతని సంగతులన్నీ నాకు తెలియడంలో నా తప్పేమీ లేదు. కిటికీ అటువైపు పెట్టించింది మా మామగారు.

మా గుమ్మం పక్కన ఓ పెర్సిమన్ చెట్టు ఉండేది. కాయ బాగా మగ్గితే తేనె. మగ్గకముందు కొరికితే నాలుక అట్టముక్కైపోతుంది. ఏటా కాయలు పసుపు తిరిగే వేళకి దల్సూ వచ్చి చెట్టు కింద నిలబడేవాడు.

"వగరయ్యా, ఇంకా మగ్గలేదు" అనేదాన్ని.

"ఏమో అక్కా, నాకింకా అనుభవం కాలేదు."

"పోయినేడు కొరికావు కదయ్యా!"

"అది పోయినేటి కాయ."

కొరికేవాడు. మూతి ముడుచుకుపోయేది, కళ్ళమ్మట నీళ్ళు కారేవి. కాసేపటికి నాలుక కదిలాక, "నిజమే అక్కా, వగరే" అని నా మాటకి సాక్ష్యం చెప్పి వెళ్ళేవాడు.

ఎవరైనా వణుకుతూ సెలూన్లోకి వచ్చి "చంపేస్తోందయ్యా చలి" అంటే, సగం గీసిన గడ్డాన్ని నురగతో అలా వదిలేసి, బనీనుతో వీధిలోకి వెళ్ళి నిలబడి వచ్చేవాడు. ముక్కు ఎర్రగా చేసుకుని "అవును, చలే" అనేవాడు. నూరిన ప్రతి కత్తీ ముందు తన బుగ్గ మీద నడిచాకే ఇంకొకరి బుగ్గ ఎక్కేది. అందుకే అతని మొహం ఎప్పుడూ చెక్కు తీసిన ముల్లంగిలా ఉండేది. బట్టతల పెద్దాయనొకాయన "నీకేం తెలుసు, గాలికి మాడు ఎలా జిల్లుమంటుందో" అన్నాడని, ఆ సాయంత్రమే తన తల నున్నగా గొరిగేసుకున్నాడు. ఆ నెలంతా ఒక్కడు కూడా సెలూన్ గడప తొక్కలేదు.

పెళ్ళాం ఓక్‌బున్ కడుపుతో ఉన్నప్పుడు నడుం నొప్పంటే, పొట్టకి బియ్యం బస్తా కట్టుకుని రోజల్లా తిరిగాడు. వంగి చెప్పులు వేసుకోలేక గుమ్మంలో గుడ్లు తేలేశాడు. ఆ మర్నాటినించీ ఓక్‌బున్ చెప్పులు అతనే తొడిగేవాడు. పెళ్ళాం కాళ్ళ దగ్గర కూర్చునే మగాణ్ణి మా సందు అదే మొదలు చూడటం. నవ్వలేక చచ్చాం.

ఇక వాందో అవ్వ సంగతికొస్తాను. వాందో దీవినించి కోడలిగా వచ్చింది కాబట్టి ఆవిడ అందరికీ వాందో అవ్వే. పిల్లల్లేరు. ఉన్నవల్లా పెరటి గట్టు మీద జాడీలు. ఆవిడ వాటిల్లో ఊరబెట్టే సోయా గింజల ముద్ద కలపందే మా సందులో ఏ ఇంటా చారు చారు కాదు. అలాంటి అవ్వకి చూపు మసకబారి, మసకబారి, చివరికి పూర్తిగా పోయింది. ఒకనాడు జాడీల దగ్గరికి వెళ్తూ మెట్టు మీదనించి పడింది. మేనల్లుడు సియోల్‌నించి పరుగెత్తుకొచ్చాడు.

"నాతో వచ్చెయ్యత్తా."

"నా జాడీలో?"

"మా ఫ్లాట్లో జాడీలకి చోటెక్కడిదత్తా!"

"అయితే నాకూ లేదు."

"మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? పౌర్ణమి పండగ వెళ్ళగానే వ్యాను తెస్తా. నువ్వు ఒక్కదానివీ జాడీలదాకా వెళ్ళి రాగలిగితే సరే. లేదా, ఎత్తుకుపోతా."

మంచివాడే పాపం. కానీ అవ్వ ఆ రోజునించీ అన్నం సరిగా తినలేదు. జాడీలు లేని చోట తను కూడా ఒక సామానే అయిపోతానంది. పలకరించడానికి వెళ్ళిన మేమంతా "చీకట్లో ఎంత కష్టమో అవ్వా" అని ముక్కులు చీదాం. దల్సూ మాత్రం గోడకానుకుని నిలబడి గొణిగాడు: "ఏమో, చీకటి నాకింకా అనుభవం కాలేదు."

మర్నాడు పొద్దున కిటికీ తీద్దును కదా, దల్సూ! సెలూన్ తువ్వాలు కళ్ళకి కట్టుకుని సందులో నడుస్తున్నాడు. నడవడమైనా తిన్నగా కాదు. మోకాళ్ళు వంచి, నడుం కుంచించుకుని, బాతులా. కాలవలో పడ్డాడు. లేచాడు. మా పెర్సిమన్ చెట్టుకి గుద్దుకున్నాడు. చేపలమ్మే బోన్నేని గోడనుకుని తడిమేసరికి ఆవిడ గంపలోంచి ఓ చేప తీసి తోకతో చెంప వాయించింది.

"బుద్ధుందా! ముసలావిణ్ణి వెక్కిరించడానికి సిగ్గులేదూ?"

"వెక్కిరించడం లేదు వదినా. ఇక్కడ కాలవుందని ఎవరూ చెప్పలేదే?"

"కళ్ళున్నవాళ్ళకి ఎవరయ్యా చెప్పేది!"

అవ్వ పెరట్లోకీ అలాగే బాతు నడకతో పోయేవాడు. సోయా ఊట అనుకుని నెత్తళ్ళ చేపల ఉప్పు ఊట గరిటెడు తాగేసి దగ్గుతుంటే గోడమీంచి నేనే నీళ్ళందించాను. ఓక్‌బున్ అయితే తల పట్టుకుంది. "అక్కా, బియ్యం బస్తానాడు నవ్వొచ్చింది. ఇప్పుడు భయమేస్తోంది."

పండగ వెళ్ళింది. వ్యాను రావాల్సిన రోజు తెల్లవారగట్ల బోన్నే వచ్చి మా తలుపు బాదింది.

"ఇన్‌సిక్ వాళ్ళమ్మా, లే! వాందో అవ్వ గుమ్మానికి పురిటి తాడు కట్టుంది!"

మా వైపు బిడ్డ పుట్టిన ఇంటికి గడ్డితాడు కడతారు. మగపిల్లాడైతే మిరపకాయలు గుచ్చుతారు, ఆడపిల్లయితే దేవదారు రెమ్మలు. ఆ తాడుంటే పరాయివాళ్ళు గడప దాటకూడదు. చెప్పులు వెతుక్కోకుండా పరిగెత్తాను. నిజమే! కొత్త గడ్డితాడు, ఎర్రటి మిరపకాయలు. కాస్త కిందికి జారి ఉంది, కంగారులో కట్టుంటారు అనుకున్నాను.

"ఈ వయసులోనా?" అంది బోన్నే.

"నోర్ముయ్యవే, మేనల్లుడి పెళ్ళాం వచ్చి ఇక్కడ పురుడు పోసుకునుంటుంది."

"మిరపకాయలున్నాయి, మగపిల్లాడు."

"దేవదారు రెమ్మలూ ఉన్నాయే!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"కవలలు!"

ఇంకేముంది, సందంతా తరలివచ్చింది. బాలింతకి పెట్టాల్సిన సముద్రపు నాచు తలో కట్టా పట్టుకుని తాడు ఇవతల వరసగా నిలబడ్డాం. లోపల్నించి ఏడుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాం. తలుపు తీసుకుని దల్సూ వచ్చాడు.

"ఎవరికి పుట్టారయ్యా?" అన్నాం ఒక్కసారిగా.

"ఎవరు?"

"కవలలు!"

తెల్లబోయి తాడు వంక చూశాడు. "అయ్యో అక్కా, ఇది దారి! ఉత్త తాడు పట్టుకు నడిచి చూశాను, చేతికి ఏమీ తెలియలేదు. అందుకని మిరపకాయ ఉన్నచోట మెట్టు. దేవదారు రెమ్మ ఉన్నచోట మలుపు. అవ్వ చేతికి ఇవి పుట్టినప్పటినించీ తెలిసినవే కదా!"

తాడు గుమ్మందగ్గరినించి గోడవెంట, మెట్ల మీదుగా, జాడీల గట్టుదాకా పోతోంది. జాడీల మెడలకీ తాళ్ళే. ఒక ముడి సోయా ఊటకి, రెండు ముళ్ళు ముద్దకి, ముళ్ళ గుత్తి నెత్తళ్ళ ఊటకి. "అక్కడ మాత్రం ఎవరూ పొరబడకూడదు" అన్నాడు గొంతు సవరించుకుని.

అంతలో వ్యాను వచ్చింది. మేనల్లుడు దిగాడు. గుమ్మానికి తాడు చూసి అతనూ గతుక్కుమన్నాడు. లోపల్నించి అవ్వ వచ్చింది. గిన్నె ఒక చేత్తో, తాడు ఒక చేత్తో పట్టుకుని బయల్దేరింది. మిరపకాయ తగిలింది, కాలెత్తింది. మిరపకాయ తగిలింది, కాలెత్తింది. దేవదారు రెమ్మ తగిలింది, తిరిగింది. జాడీ మెడ తడిమి, మూత తీసి, ముద్ద గిన్నెలోకి తీసుకుని అదే దారిన వెనక్కొచ్చి మేనల్లుడి ముక్కు కింద పెట్టింది.

"చూడు, ఇది నెత్తళ్ళదా?"

"కాదత్తా."

"మరి నీ వ్యానులో ఏం ఎక్కిస్తావు?"

అతను నవ్వేశాడు. ఒక్క జాడీ ముద్ద మాత్రం ఎక్కించుకుని వెళ్ళాడు.

"తెచ్చిన నాచు పారేస్తారేంటే! చారు పెట్టండి. ఈ వయసులో నాకు పురుడు పోసింది ఈ సెలూనువాడు, వాడికే ముందు పోయండి" అని అవ్వ కేకేసింది. దల్సూ రెండు గిన్నెలు తాగాడు, బాలింతలా చెమటలు పట్టి.

నాకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్ళు కట్టుకున్నాడు, సరే. ఆ బాతు నడక ఎందుకు? అడగడానికి అభిమానం. సందు సద్దుమణిగిన ఓ మధ్యాహ్నం, ఎవరూ లేకుండా చూసి, నేనూ ఓ తువ్వాలు కళ్ళకి కట్టుకుని అవ్వ గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యి చాపాను, తాడు లేదు. ఇంకాస్త కిందికి చాపాను, లేదు. మోకాళ్ళు వంచి, నడుం కుంచించుకుంటే అప్పుడు దొరికింది, సరిగ్గా అరచేతిలో. వాందో అవ్వ నా భుజానికి కూడా రాదు.

అలాగే వంగి, మిరపకాయ తడుముకుంటూ బాతులా రెండో మెట్టు ఎక్కుతున్నాను. వెనక నించి గొంతు వినబడింది.

"ఏంటక్కా, నేను కట్టిన తాడు మీద నమ్మకం లేదా?"

తువ్వాలు విప్పకుండానే చెప్పాను.

"ఏమో తమ్ముడూ, నాకింకా అనుభవం కాలేదు."