పేరు చెప్పనన్న ప్రేక్షకురాలు

కరోనా భయం పోయి, జనం మళ్లీ ఒకరి గుమ్మంలో ఒకరు నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడాది అది. ఒడిశాలోని మా బరంపురంలో వేసవి సెలవులు నడుస్తున్నాయి. ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయాలు రాసుకురావడం నా పని. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. టీపొడి, టూత్‌పేస్టు, దోమల చక్రాలు, ఇలా అన్నిటి మీదా అడిగాను. నా చేతిలో ఫైలు చూడగానే "మాకేం వద్దమ్మా" అని తలుపేసేవాళ్లే ఎక్కువ. నేనేమీ అమ్మడానికి రాలేదని నమ్మించేసరికే సగం గొంతు పోతుంది. మేముండే అంకులి పేటలో ఇరుగుపొరుగువాళ్లకు ఇప్పటికీ నేనేం ఉద్యోగం చేస్తానో సరిగ్గా తెలియదు.

ఆ వేసవిలో వచ్చిన పని మాత్రం కొత్తది. ప్రాచీన ఈజిప్టు మంత్రాల మీద తీసిన ఒక సిరీస్‌ను తెలుగులోకి డబ్ చేసి వదిలారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే రకం. అన్నాచెల్లెళ్లు ఇద్దరు, వాళ్లను పెంచే మేనత్త, ఆమె పనిచేసే మ్యూజియంలో ఒక పాత కాగితపు చుట్ట విప్పగానే లేచి కూర్చునే వేల ఏళ్లనాటి లేఖకుడు. పిల్లలు దాన్ని మొత్తం చూసిన ఇళ్లకు వెళ్లి, ఒక బిడ్డనూ ఒక పెద్దనూ కూర్చోబెట్టి, పదికి ఎన్ని మార్కులు వేస్తారు, ఎందుకు అని అడగాలి. ఆ ‘ఎందుకు’ను మా పనిలో ఓపెన్ ఎండ్ అంటారు. దానికి ముందే రాసిపెట్టిన జవాబులుండవు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. అలా రాసిన మాటను వెర్బేటిమ్ అంటారు. జవాబు ముక్తసరిగా వస్తే "ఇంకా?" అని మెల్లగా తవ్వాలి, అది ప్రోబ్. సలహా ఇవ్వకూడదు, నచ్చజెప్పకూడదు, ముఖం కూడా మార్చకూడదు.

మొదటి వారం హాయిగా గడిచింది. గేట్ బజార్‌లో ఒక బట్టల కొట్టాయన ఎనిమిది మార్కులు వేసి, రెండు ఎందుకు కోశాడో పది నిమిషాలు చెప్పాడు. "మంత్రాలకి వంక పెట్టనమ్మా. ఆ రాణి కట్టిన గుడ్డకి జరీ అంచు ఎవుడేసినాడు? అంత ఎండలో బతికేవోలు నార బట్ట కట్టరా? నాలాటోణ్ణి అడిగితే సెప్పీవోణ్ణి కదా." మా అంకులిలోనే ఒక రిటైర్డ్ రైల్వే గార్డుగారు పూర్తి మార్కులు వేసేశారు. "మా మనవలు ఇంట్లో సగం ఒడియా, సగం ఇంగ్లీషు. ఆ దెయ్యాలు మాత్రం శుభ్రమైన తెలుగు మాటాడుతున్నాయి. ఇంకో నెల ఉండమనండి వాటిని" అన్నారు. నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాను.

రెండో వారంలో రామయ్యపట్నం వెళ్లాను. చేపల వేట మీద బతికే ఊరు. నా జాబితాలో ఉన్న ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే ఉంటారు. తల్లి పేరు కొండమ్మ, చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. కూతురు జానకికి తొమ్మిదేళ్లు. తండ్రి రెండేళ్ల కింద వేటకు వెళ్లి నీటిలో పోయాడని, మూడో రోజున శవం ఒడ్డుకు చేరిందని, నాకు ఇల్లు చూపించిన పక్కింటామె దారిలోనే చెప్పింది. జానకి ఆ సిరీస్‌ను తల్లి ఫోనులో రెండుసార్లు చూసిందట.

ముందు పిల్లను అడిగాను. పది మార్కులు వేసింది. ఎందుకమ్మా అంటే తడుముకోలేదు.

"పేరు పెట్టి పిలిస్తే సచ్చిపోయినోలు ఉంటారు. పిలవకపోతే రెండోతూరి సచ్చిపోతారు. అది బాగున్నాది."

అది చెబుతూ నన్ను చూడలేదు, తల్లిని చూసింది. మంచి వెర్బేటిమ్ దొరికిందన్న సంతోషంలో నేను దాన్ని పట్టించుకోలేదు. తర్వాత కొండమ్మను అడిగాను.

"సున్నా" అంది.

"ఎందుకమ్మా?"

"పేరు సెప్పమంతన్నారు. నాను సెప్పను."

నా ఫారం చివరి పేజీలో జవాబు చెప్పినవారి పేరు, సంతకం రాసే గడి ఉంటుంది. గాలికి కాగితాలు లేచి ఆ పేజీ పైకి వచ్చి ఉంది. ఈమె దాన్ని చూసి భయపడిందనుకున్నాను. పేరు ఇవ్వడానికి జంకేవాళ్లను నేను రోజూ చూస్తాను.

"పేరు అక్కర్లేదమ్మా. పేరు లేకుండానే రాసేసుకుంటాం" అన్నాను, ధైర్యం చెబుతున్నట్టు.

ఆమె కూతురి వైపు ఓసారి చూసి నన్ను అడిగింది. "పేరు నేకండా అయిపోద్దా?"

"ఎందుకవదు? పేరుతో ఏం పని?"

ఆ మాటకు జానకి దిగ్గున లేచి బయటికి వెళ్లిపోయింది. ఆటకు వెళ్లిందనుకున్నాను. ఫారంలో ‘నిరాకరణ’ అని ఒక గడి ఉంటుంది. జవాబు ఇవ్వననేవాళ్ల కోసం అన్నమాట. అందులో టిక్కు పెట్టి, మధ్యాహ్నం బస్సు అందుకుని ఇంటికి వచ్చి నిమ్మళంగా భోంచేశాను.

రెండు రోజులకు ఆఫీసు నుంచి ఫోను. మా సూపర్‌వైజరు చిన్నపిల్ల, హైదరాబాదులో కూర్చుని మా ఫారాలన్నీ చదువుతుంది. "మేడం, పాపది పది, తల్లిది సున్నా. సున్నాకి కారణం లేదు. మీరు ప్రోబ్ చేయలేదు. మళ్లీ ఒకసారి వెళ్లి అడగండి" అంది. నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల నాకు ప్రోబ్ నేర్పుతుందా అనుకున్నాను. గొణుక్కుంటూనే ఆ వారాంతంలో మళ్లీ రామయ్యపట్నం బస్సెక్కాను.

నన్ను చూడగానే కొండమ్మ ముఖం ముడుచుకుంది. అయినా చాప వేసింది. జానకి లోపల గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"మీరొచ్చి ఎల్లిన కాడినుంచి అది నాతో మాటాడ్డం మానీసినాది, మేడంగోరు" అంది కొండమ్మ. "పిలిస్తే పలకదు. కంచం పెడితే గోడకేసి తిరిగి తింతాది. అంతకు ముందు అడిగీది, ఏడిసీది, మల్లీ ఒచ్చి నా పక్కలో తొంగునీది. మీరు పేరు అక్కర్నేదు అన్నారా, అయిపోనాది. ఆరు రోజులు. నాకు ఇంకెవులున్నారు?"

నాకు ముక్క అర్థం కాలేదు. "ఎవరి పేరమ్మా?" అని అడిగాను.

"ఎవరి పేరేటి? ఆళ్లయ్య పేరు."

ఆ రోజు ఆమె తన పేరు గురించి మాట్లాడనే లేదు. నేను ఆ పిల్ల ముందు కూర్చుని, చచ్చిపోయిన తండ్రి పేరుతో ఏం పని అన్నాను. పద్దెనిమిదేళ్ల అనుభవం ఎందుకు, తగలెయ్యడానికా అనిపించింది.

జానకి గోడ వైపు నుంచే మాట్లాడింది, నాతో. "నాను సెప్తే పన్జెయ్యదు. అమ్మే సెప్పాలి. ఎక్కువ పేమ ఉన్నోలే సెప్పాలని అందులో సూపించినారు. అమ్మ ఒక్కపాలి కూడా సెప్పనేదు. మా అయ్య రెండోతూరి కూడా సచ్చిపోతాడు." అంతవరకు గట్టిగానే చెప్పి, చివరి మాట దగ్గర ఏడ్చేసింది.

కొండమ్మ ఎందుకు చెప్పదో నాకు వేరే చెప్పనక్కర్లేదు. మా అమ్మ కూడా జీవితంలో ఒక్కసారి మా నాన్న పేరు పలకలేదు. రేషన్ ఆఫీసులో అడిగితే నన్ను ముందుకు తోసేది. మొగుడి పేరు నోటితో అంటే అతని ఆయుష్షు తగ్గుతుందని మా వైపు ఆడవాళ్ల నమ్మకం. ఆ సిరీస్‌లోనేమో పేరు పలికితేనే మనిషి నిలుస్తాడు. ఆరు రోజులుగా ఆ ఇంట్లో ఈ రెండు నమ్మకాలూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయి. తల్లి ఒకటి వదలదు, బిడ్డ ఇంకొకటి వదలదు, ఇద్దరికీ బతకాల్సింది ఒకే మనిషి.

"పదకొండేళ్లు కాపరం సేసినాను" అంది కొండమ్మ. "ఆసుపత్రిలో, ఆఫీసుల్లో, ఎక్కడా సెప్పనేదు. కార్డు సూపించీదాన్ని. అంత కాసుకున్నా ఎల్లిపోనాడు. ఇప్పుడు ఒక్కపాలి సెప్పీసినాననుకో, మరి ఇన్నాళ్లూ నాను కాసుకున్నది ఏటి? అదీ పోద్ది కదా."

జానకి దగ్గరికి జరిగి, "తల్లీ, నేనన్నది ఈ కాగితం మీద మీ అమ్మ పేరు రాయక్కర్లేదని. మీ నాన్న పేరు గురించి కాదు. తప్పు నాది, మీ అమ్మది కాదు" అన్నాను. ఆ పిల్ల తిరగలేదు. సలహా ఇవ్వకూడదన్న నియమం ఒకటి నా నెత్తి మీద ఉంది. లేకపోయినా ఏ సలహా ఇవ్వను? పేరు చెప్పేయమని ఆ తల్లికి చెప్పడానికి నేనెవరిని? నాకు చేతనైన పని ఒక్కటే మిగిలింది, ప్రోబ్. అందుకని అడిగాను.

"మరి పేరు పలకనిదానివి, ఆయన్ని పిలవాలంటే ఏమని పిలిచేదానివి కొండమ్మా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. ఆ ముఖంలో నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి. "ఏటని పిలుస్తాం, మేడంగోరు. ‘ఇంటన్నావా’ అనీదాన్ని. కూడు ఒండినా ఇంటన్నావా, దెబ్బలాడినా ఇంటన్నావా. సద్దిమూట మరిసిపోయి పడవ కాడికి ఎల్లిపోతే ఎనకాల పరిగెట్టి ఇంటన్నావా అని కేకేసీదాన్ని." ‘వింటున్నావా’ అన్న మాటే ఆమె నోట అలా పలుకుతుంది.

"ఇంకా?"

"ఈ ఊల్లో ఆడోలందరం మొగుల్ని అలగే పిలుస్తాం. ఆ గట్టు మీద ఇరవైమంది మొగోలు ఉండీవోలు. నాను కేకేస్తే ఆయనొక్కడే ‘ఊఁ’ అనీవోడు. ఇంకొకడు తిరిగి కూడా సూడడు. నా గొంతు ఆయనకి తెల్సు."

గోడ వైపు ఉన్న తల మెల్లగా ఇటు తిరిగింది. "ఊఁ అనీవోడా?" అని అడిగింది జానకి. ఆరు రోజుల తర్వాత ఆ పిల్ల తల్లితో అన్న మొదటి మాట అది.

"అనీవోడు. ఎంత దూరంలో ఉన్నా."

"అయితే అది పిలు."

రెండేళ్లుగా ఆ మాట ఎవరితోనూ అనలేదని కొండమ్మ తర్వాత చెప్పింది. లేచి పెరటి తలుపు దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి సముద్రం కనబడుతుంది. గట్టిగా పిలవలేదు. ఏడవనూ లేదు. అన్నం ఉడికింది రా అన్నట్టు, మామూలు గొంతుతో పిలిచింది.

"ఇంటన్నావా."

ఆమె మళ్లీ పిలవకుండా తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఊఁ" అంది జానకి.

కొండమ్మ వెనక్కి తిరిగి, చతికిలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ముఖం మార్చకూడదన్న నియమం నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు, వచ్చినా చేసేదేమీ లేదు.

చాలాసేపటికి కొండమ్మ ముఖం తుడుచుకుని, నా ఫైలు వైపు చూసి, "ఆ సున్నా కొట్టీండి. నాలుగెయ్యండి" అంది.

"నాలుగేనా?"

"ఆళ్లకి సగమే తెల్సు. పేరంటే కార్డు మీద రాసిందే అనుకున్నారు."

ఆ మాట అక్షరం మార్చకుండా రాసుకున్నాను. ఆఫీసులో ‘ఆళ్లకి’ని ‘వాళ్లకి’ చేయమన్నారు, చేయనన్నాను. నిరాకరణ గడిలో నేను పెట్టిన టిక్కును నేనే కొట్టేసి పక్కన సంతకం చేశాను. మళ్లీ వెళ్లమన్న సూపర్‌వైజరు పిల్లకు ఫోను చేసి, నీవల్ల ఒక ఇల్లు నిలబడిందమ్మా అన్నాను. ఏమిటి మేడం అంది. చెబుతూ చెబుతూ ఫోనులోనే మరోసారి ఏడ్చాను.

ఆ తర్వాత వందల ఇళ్లు తిరిగాను. పేరు చెప్పం అనేవాళ్లు రోజుకొకరైనా తగులుతూనే ఉంటారు. ఆ గడి జోలికి వెళ్లేముందు "ఎవరి పేరమ్మా?" అని అడుగుతాను. అందరూ నన్ను వింతగా చూసి, "ఎవరిదేమిటి, నా పేరే" అంటారు. అయినా అడుగుతాను.