చిన్నాన్న కళ్ళకు నేను పెట్టిన పేరు

మా చిన్నాన్న ఉద్యోగాన్ని ఒక్క ఇంగ్లీషు మాటతో ఊడగొట్టబోయిన ఘనురాలిని నేను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. అదేదో నేనే చెబితే నాలుగు అబద్ధాలైనా తగ్గుతాయి.

చిన్నాన్న గూడ్సు బండి డ్రైవరు. అప్పట్లో నేను పోటీ పరీక్షలకు చదువుతూ, దొరికిన ఇంగ్లీషు మాటనల్లా దొరికిన మనిషి మీద ప్రయోగిస్తుండేదాన్ని. కళ్ళ పరీక్షకు వెళ్ళే రోజు పొద్దున్న ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేపరు తెరిచి, "ఏటే అమ్మీ, అచ్చరాలు అలికేసినట్టున్నాయి?" అన్నాడు.

"దాన్ని కలైగో అంటారు చిన్నాన్నా. చూపు మసకబారడం. పాతకాలం వైద్యుల మాట, ఇప్పుడెవరూ వాడరు."

"ఎవులూ వాడనిది నీకెందుకే?"

అప్పుడే సిగ్గు తెచ్చుకోవలసింది. తెచ్చుకోకపోగా తోడుగా ఆసుపత్రికి కూడా వెళ్ళాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చూపులో తేడా ఉందని తేలితే డ్రైవర్ని ఇంజిన్ దింపేసి ఆఫీసులో కూర్చోబెడతారు. అందుకే మా కాలనీ డ్రైవర్లు రైల్వే డాక్టరు ముందు కంటి మాటే ఎత్తరు. ఆ బెంగాలీ డాక్టరుగారు హిందీలో "ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. చిన్నాన్న అడ్డంగా తలూపాడు. నేను ఊరుకున్నానా? "ఈయనకు కలైగో ఉంది సార్" అన్నాను, బహుమతి ఇస్తారేమో అన్నట్టు.

ఆయన రాయడం ఆపేశారు. "ఆ మాట ఎప్పుడో పాత పుస్తకంలో చూశాను. ఎవరు చెప్పారు? పూర్తిగా పరీక్ష చేసేదాకా ఈయన ఇంజిన్ ఎక్కకూడదు."

చిన్నాన్న మొహం పాలిపోయింది. "ఏటి సేసినావే తల్లీ," అన్నాడు మెల్లగా. "ఇంజిన్ దింపేత్తే నానేటైపోవాల?"



డాక్టరుగారు ఆయన కళ్ళజోడు తీసి వెలుతురుకు పెట్టి చూశారు. "దాదా, తలకు ఆవనూనె రాస్తారా?" అన్నారు, బెంగాలీలో అన్నయ్యా అని పిలుస్తూ.

"రాత్తాను సార్."

"అద్దాలకు కూడా రాసినట్టున్నారు." తుడిచి ఇచ్చి, గోడ మీది అక్షరాలు చదవమన్నారు.

చేసిన పాపం కడుక్కుందామని నేను వెనక నిలబడి గుసగుసగా అందించడం మొదలుపెట్టాను. నేను "ఓ" అంటే ఆయన "డి" అన్నాడు. నేను "పి" అంటే ఆయన "ఎఫ్" అన్నాడు. ఈయన వినిపించుకోడేమని గొంతు పెంచాను. డాక్టరుగారు నావైపు తిరిగి, గోడ మీది అక్షరాలనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"దాదా, మీ చూపు ఠీక్ హై. సాయంత్రం డ్యూటీకి వెళ్ళండి."

హమ్మయ్య అనుకున్నాను. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి, డాక్టరుగారి కాళ్ళ మీద పడిపోదామనిపించింది.

"అమ్మాయ్, ఇప్పుడు నువ్వు కూర్చో" అన్నారాయన.

ఆ వారమే నా ముక్కు మీదికి ఎక్కిన కళ్ళజోడు ఇప్పటికీ దిగలేదు. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇకమీదట ఎవరి జబ్బుకైనా పేరు పెట్టేముందు, అది నాకు లేదని తేల్చుకుని మరీ పెడతాను.